ఖాళీ ఫోల్డర్

మా పైగదిలో కిరాయికి ఉండే నవనీత ఆ రోజు మధ్యాహ్నమే యూనివర్సిటీ నుంచి వచ్చేసింది. పైకి పోలేదు. చెప్పులు విడవకుండా, భుజం మీది బ్యాగు దించకుండా మెట్ల మీదే కూర్చుంది. శ్రావణమాసం కాబట్టి శుక్రవారం పూజకని నేను వాకిట్లో రాగిచెంబు చింతపండుతో తోముతున్నాను.

"ఏమైంది బిడ్డా? గట్ల కూసున్నవేంది?"

"నేను దొంగ పరిశోధన చేసిన్నంట ఆంటీ. ఊర్లు తిరగలేదంట. తూములు సూడలేదంట. రూంల కూసోని సొంతంగ రాసుకున్నంట."

చెంబు చేతిలోనే ఉండిపోయింది. నవనీత పీహెచ్‌డీ చేస్తోంది. జనగామ వైపు ఊళ్లలో పాత చెరువుల తూములు ఎట్లా కట్టారు, నీళ్లు వదిలే నీరటివాళ్లు వాటిని ఎట్లా నడిపారు అన్నది ఆమె విషయం. వానాకాలమంతా ఊళ్లు తిరిగి వచ్చి, మోకాళ్ల దాకా బురద పట్టిన బట్టలు మా పంపు దగ్గర ఉతుక్కునేది. ఆ బురద కడిగీ కడిగీ మా గచ్చు రంగు మారింది.

"ఊర్లు తిరగకపోతే మరి ఆ బురద ఏడ అంటింది? తార్నాక సిగ్నల్ కాడనా?" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. ఏడ్చింది.

జరిగింది ఇది. ఆమె డేటా, అంటే ఫొటోలు, కొలతలు, నీరటివాళ్ల మాటల రికార్డింగులు, అంతా వాళ్ల డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లోని పెద్ద కంప్యూటర్‌లో ఉంటుంది. థీసిస్ కమిటీ దాన్ని చూడాలంది. నవనీత జనగామ వైపు ఊళ్లకు పోయిన రోజు, హెడ్ శశిభూషణ్ గారు ఆఫీసు క్లర్కు సుందరరావును పిలిచి ఆమె ఫోల్డర్ పేరు చెప్పి, అది పెన్‌డ్రైవుల్లో ఎక్కించి కమిటీ వాళ్లకు పంచమన్నాడు. ఆయన ఎక్కించాడు, పంచాడు. వాళ్లు తెరిచి చూస్తే ఫోల్డర్ ఉంది, లోపల ఏమీ లేదు.

ఏమీ లేకపోతే ఏం చేయాలి? పిల్లను పిలిచి అడగాలి. వాళ్లు అడగలేదు. లేదని తీర్మానించుకొని పిలిచారు.

"నువ్వు చూపియ్యరాదు మరి?" అన్నాను.

"చూపిస్త అన్న. ఒక్క కమాండ్ కొడితే అంత కనవడతది సార్, ల్యాబ్‌కు రండ్రి అన్న. ఇప్పుడు చూపిస్తే ఇప్పుడు నింపినవనుకోవాలె అన్నడు హెడ్ సార్."

"అరె! ఇదేం న్యాయం?"

"నెల నెలా బీరువల కాపీ పెడ్తరు గదా, పాత డిస్క్ తీయుండ్రి అన్న. అండ్ల ఆఫీసు కాగితాలే ఉంటయన్నడు. సుందరరావు సార్ పక్కనే ఉన్నడు ఆంటీ. తల వంచుకొని నిలవడ్డడు. ఒక్క మాట మాట్లాడలే." కొంగు లాంటిదేమీ లేక చున్నీ మొత్తం మొహానికి అద్దుకుంది. "శుక్రవారం మళ్ల కూసుంటరంట. రిజిస్ట్రేషన్ రద్దు చేసుడే అని కమిటీల ఉన్న బాలలక్ష్మి మేడమ్ చెప్పింది. ఆమె ఒక్కతే జర పాపం అన్నట్టు చూసింది."

ఆ కంప్యూటర్ సంగతి నాకు కొంచెం తెలుసు. పోయిన ఏడాది ఒకసారి మా డైనింగ్ టేబుల్ మీద తన ల్యాప్‌టాప్ పెట్టుకొని, నమూనాకు కొన్ని ఫొటోలతో, నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే చూపించింది.

"ఆంటీ, ఈ ఫోల్డర్ల ఏమున్నది?"

"ఏం లేదు."

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ఒక వరుస కొట్టింది. "ఇప్పుడు?"

గేటు తీయగానే బడి పిల్లలు బయటపడ్డట్టు ఫొటోలు వరసగా వచ్చి నిండాయి. నేను ముక్కు మీద వేలు వేసుకున్నాను. "ఇంతకుముందు యాడున్నయి ఇవన్నీ?"

"ఈడనే ఉన్నయి. ఇగో, ఈ ఒక్క పెద్ద ఫైల్ల. దీన్ని ఇమేజ్ అంటరు. ఫోల్డర్ ఉత్త వాకిలి. మౌంట్ అన్నమనుకో, సామానంతా ఈ వాకిట్ల కనవడతది. అన్‌మౌంట్ అంటే మళ్ల వాకిలి ఖాళీ. సామాను పెద్ద ఫైల్ల భద్రం."

"ఊకె తెరిచే పెట్టుకోరాదు? ఎందుకీ బాధ?"

"కరెంట్ పోయిందనుకో, ఎవలన్న వైరు గుంజిండ్రనుకో, రాసేది సగంల ఆగి ఫైలే పాడైతది. మా సీనియర్ ముఖేష్ అన్న ఫైల్ గట్లనే పోయింది. అందుకే సాయంత్రం ల్యాబ్ ఇడిసే ముందు నేను అన్‌మౌంట్ చేయకుండ రాను."

నాకు అది తెలిసిన విషయమే అనిపించింది. పూజ చేసి కలశంలోకి అమ్మవారిని పిలుచుకుంటాం. పూజ అయ్యాక ఉద్వాసన చెప్పి, చెంబును కాస్త ఉత్తరానికి జరిపి, అప్పుడు తీస్తాం. ఉద్వాసన చెప్పకుండా ఎవరూ కదపరు. అదే చెప్పాను. పిల్ల పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి సాయంత్రం గేటు తీస్తూనే, "ఆంటీ, ఉద్వాసన చెప్పొచ్చిన" అనేది. నేను "టీ తాగుదువు రా" అనేదాన్ని.

ఇప్పుడు చూడండి. ఒళ్లు దగ్గర పెట్టుకొని రోజూ మూసి వచ్చిన పిల్ల దొంగయింది. తెరిచి పారేసి వచ్చుంటే అదే పెన్‌డ్రైవుల్లో అంతా ఎక్కి ఉండేది. జాగ్రత్తగా ఉండటమే తప్పయితే ఇక పిల్లలకు ఏం చెప్పి పెంచాలి?

రాత్రి అన్నాల దగ్గర మా ఆయన రత్నాకర్‌తో అన్నాను. ఆర్టీసీలో చేసి రిటైరయిన మనిషి. నిదానస్తుడు.

"ఇంటోనర్లు నీళ్ల బిల్లు గురించి మాట్లాడాలె గని పీహెచ్‌డీల గురించి గాదే," అన్నాడు.

"పైన మనిషి ఏడుస్తుంటే కింద నాకు ముద్ద దిగుతలేదు."

"అయితే పో. నువ్వు ఆగుతవా నేనంటే?" అని పెరుగు గిన్నె ఇటు జరిపాడు.

నాకు సుందరరావు తెలుసు. వాళ్ల ఇల్లు సీతాఫల్‌మండిలో రైలు స్టేషన్ దగ్గర. ఆయన భార్య మేరీ టీచర్ మా పిల్లలిద్దరికీ చిన్నతరగతుల్లో చదువు చెప్పింది. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన వాళ్ల చర్చిలో పెద్ద. మర్నాడు ఆఫీసు విడిచే వేళకు వెళ్లాను.

మేరీ టీచర్ టీ ఇచ్చింది. ఆయన లుంగీ సర్దుకొని కూర్చున్నాడు గానీ నా మొహం చూడలేదు.

"నన్నెందుకమ్మా ఇందులోకి లాగుతారు? ఫలానాది ఎక్కించమన్నారు, ఎక్కించాను. గుమాస్తాగాణ్ణి."

"తప్పు వట్టనికి రాలేదు సుందరరావు గారు. ఒక్కటి అడుగుదమని వచ్చిన. మీరు ఎక్కిచ్చినప్పుడు అది ఖాళీ అని ఎరకైందా?"

కప్పులోకి చూశాడు. "రెప్పపాటులో అయిపోయిందండి. ఇన్నేళ్లు తిరిగిన పిల్ల సామాను ఇంత తొందరగా ఎలా వచ్చిందా అనుకున్నాను."

"అనుకోని?"

"అనుకుని... ఊరుకున్నానండి."

"మరి బీరువల పెట్టిన డిస్క్?"

ఆయన కప్పు కింద పెట్టాడు. మేరీ టీచర్ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అందులో ఉంటుందండి," అన్నాడు చివరికి. "ప్రతి నెలాఖరుకీ కంప్యూటర్లో ఉన్నదంతా దాంట్లోకి దించుతాను. ఆ అమ్మాయి ఫైలు చాలా పెద్దది, అదొక్కటే గంటలు తీసుకుంటుంది. విసుక్కుంటా ఉంటాను కూడా. దించాక డబ్బాలో పెట్టి కాగితం అంటించి బీరువాలో పెడతాను. ఆ కాగితం మీద హెడ్డుగారే సంతకం చేస్తారు, తారీఖు వేసి. ఏం పెట్టావు అని ఎప్పుడూ అడగరు. పెన్‌డ్రైవులు పంచకముందు అంటించింది ఇంకా అలాగే ఉంది."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. "అండ్ల ఆఫీసు కాగితాలే ఉన్నయని ఆయన అంటుంటే మీరు పక్కన్నే నిలవడ్డరు!"

"చెబితే ఖాళీవి పంచింది నువ్వే కదా అంటారమ్మా. రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. నేనేమీ అబద్ధం చెప్పలేదు."

"చెప్పలేదు. నిజమే." గొంతు తగ్గించాను. ఆయన ఇంట్లో ఆయన టీ తాగుతూ అరవడం పద్ధతి కాదు. "నాకు ఎక్కువ చదువు లేదు. మీరు గ్రంథం చదివేటోళ్లు. అబద్ధ సాక్ష్యం చెప్పొద్దని మీ దేవుడూ చెప్పిండు, మా దేవుడూ చెప్పిండు. నిజం తెల్సి నోరు మూసుకున్నోని సంగతి ఏం చెప్పిండో మీకేమన్న ఎరకనా?"

ఆయన బదులు మేరీ టీచర్ చెప్పింది.

"ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమంటే మైకు వదలరు ఈయన. దేవుడు కడుపునొప్పి తగ్గించాడని అరగంట చెబుతారు. శుక్రవారం ఒక్క మాట చెప్పడానికి గొంతు పడిపోయింది పాపం! వేణ్ణీళ్లు పెట్టనా?"

"నువ్వాగవే."

"ఎందుకాగాలి? మనమ్మాయైతే?"

నేను లేచాను. ఇంకేమీ అడగలేదు. గేటు దాకా ఆయన వచ్చాడు కానీ శుక్రవారం కమిటీ ముందుకు వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

శుక్రవారం పొద్దున్నే కలశం పెట్టి పూజ చేసుకున్నాను. నైవేద్యం పెట్టి, దీపం సర్ది, నవనీతతో పాటు ఆటో ఎక్కాను. "మీరెందుకు ఆంటీ" అంది గానీ, నా చెయ్యి విడవలేదు.

వాళ్ల డిపార్ట్‌మెంట్ పాత రాతి బిల్డింగు. వరండాలో బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి లోపలికి పోయింది. వేడికి తలుపు బార్లా తీసి పెట్టారు. అన్నీ కనిపిస్తున్నాయి, వినిపిస్తున్నాయి. శశిభూషణ్ గారు తెల్లచొక్కా, నుదుట సన్నటి కుంకుమబొట్టుతో చూడ్డానికి మర్యాదస్తుడిలా ఉన్నాడు. పక్కన బాలలక్ష్మి మేడమ్, ఇంకో ఇద్దరు సార్లు.

"చూడమ్మా నవనీతా," అన్నాడాయన, "మాకేం నీ మీద పగ లేదు. నువ్వు ఉన్నది అంటున్నావ్. మేం నలుగురం కళ్లతో చూశాం. లేదు. డబుల్ క్లిక్ చేస్తే కనిపించనిది ఉన్నదంటే ఎట్ల నమ్మాలి?"

నుదుట ఆ బొట్టు పెట్టుకొని ఆ మాట అన్నాడు! ఇంట్లో పటం ముందు ఏం డబుల్ క్లిక్ చేసి వచ్చాడో పొద్దున అని నోటిదాకా వచ్చింది. బెంచీ చెక్క గట్టిగా పట్టుకున్నాను.

"సార్, బీరువ డిస్క్ ఒక్కసారి..." అంది నవనీత.

"అది అయిపోయింది. మళ్లీ అదే..."

"కాలేదండి," అన్న మాట వరండాలోంచి వచ్చింది.

సుందరరావు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, చేతిలో చిన్న అట్టడబ్బాతో నా ముందు నుంచే లోపలికి నడిచాడు.  డబ్బాను తెచ్చి శశిభూషణ్ గారి ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇందులో ఆ అమ్మాయి ఫైలు కూడా ఉందండి. నేనే దించాను. కాగితం మీద సంతకం తమరిదే. తారీఖూ తమరు వేసిందే. పెన్‌డ్రైవులు ఎక్కించకముందుది. అంటించింది అంటించినట్టే ఉంది, చూసుకోండి. ఖాళీ ఫోల్డరు పంచింది నేనే. తెలియక పంచాను."

 శశిభూషణ్ గారు తన సంతకాన్ని ఎవరిదో అన్నట్టు చూశాడు. బాలలక్ష్మి మేడమ్ చెయ్యి చాపి డబ్బా తీసుకొని నలుగురికీ చూపించి, "సీల్ అట్లనే ఉన్నది. తెరుద్దాం," అని కాగితం చింపింది.

డిస్క్‌ను ఆయన బల్ల మీది కంప్యూటర్‌కే తగిలించారు. నవనీత నిలబడే నల్లతెర తెరిచి కొట్టడం మొదలుపెట్టింది. మొదటిసారి తప్పని వచ్చింది. ఒక సారు గొంతు సవరించుకున్నాడు. శశిభూషణ్ గారు కుర్చీలో వెనక్కి వాలాడు. 

"కొత్త కంప్యూటర్ గదా సార్. వాకిలి లేదు దీంట్ల. ముందు ఖాళీ ఫోల్డర్ ఒకటి చేయాలె," అంది నవనీత. చేసింది. "చదవనికి మాత్రమే అని పెట్టి తెరుస్తున్న. ఇప్పుడు నేను గాదు, ఎవ్వరు గూడ దీంట్ల ఒక్క అక్షరం మార్చలేరు." మళ్లీ కొట్టింది.

నిండాయి. నాకు అక్కడి నుంచి చిన్నచిన్న చదరాలే కనిపించాయి గానీ, గది అంతా ముందుకు వంగడం కనిపించింది. పోయిన ఏడాది మా టేబుల్ మీద చూసిన లాంటివే, రాతి తూములు. కొలబద్ద పట్టుకున్న పిల్ల చెయ్యి. బురదలో ఆమె పాదాలు. శశిభూషణ్ గారు మౌస్ తీసుకొని ఒకటి తరవాత ఒకటి తానే తెరవసాగాడు. ఎక్కడో ఒకచోట తప్పు దొరుకుతుందేమోనన్నట్టు తెరిచాడు. ఒకటి వీడియో. ముసలి గొంతు ఒకటి గదిలోకి వచ్చింది.

"నా పేరు రాజలింగం. మా తాత కాన్నుంచి నీరటోళ్లమే. తూము మూస్తే కాలువల నీళ్లు రావు గద బిడ్డా. ఇగ చెరువే ఎండిందని లొల్లి వెడ్తరు. కట్ట ఎక్కి చూసెటోడు ఒక్కడుండడు."

బాలలక్ష్మి మేడమ్‌కు దగ్గు వచ్చింది. దగ్గో నవ్వో, మొహం పక్కకు తిప్పుకుంది.

"సరే, సరే," అన్నాడు శశిభూషణ్ గారు. "ఉన్నది. చూశాం." అంటూనే డిస్క్ వైరు మీద చెయ్యి వేశాడు లాగేద్దామని.

"ఆగుండ్రి సార్!"

ఆ అరుపుకు నేనూ ఉలిక్కిపడ్డాను. పొద్దుటి నుంచి ఆ పిల్ల గొంతు అంత గట్టిగా రాలేదు. "ముందు అన్‌మౌంట్ చేయాలె." నల్లతెరలో కొట్టింది. కుదరదని వచ్చింది. మళ్లీ కొట్టింది. మళ్లీ అదే.

"ఏంది?" అన్నాడాయన.

"ఎవరో ఇంక లోపలున్నరంటున్నది సార్."

"ఎవరున్నారు లోపల?"

"మీరే సార్. మీరు తెరిచిన వీడియో మూయలేదు. అది మూసేదాక ఇది ఇడువదు."

ఇద్దరు సార్లూ బల్లకేసి చూస్తూ ఉండిపోయారు. శశిభూషణ్ గారు మౌస్ అటూ ఇటూ తిప్పి, రాజలింగం మొహం మీది గుర్తు వెతికి నొక్కి మూశాడు. నవనీత మళ్లీ కొట్టింది. ఈసారి వదిలింది. డిస్క్ తీసి, వైరు చుట్టి, డబ్బాలో పెట్టి రెండు చేతులతో సుందరరావుకు ఇచ్చింది.

ఇప్పుడైనా ఒక మాట అంటాడనుకున్నాను. పొరపాటైందమ్మా అంటే ఏం పోతుంది? ఆయన అన్నది ఇది: "ఇకనుంచి ఫోల్డర్ తెరిచే పెట్టుకో. ఈ గందరగోళమంతా నీ వల్లే వచ్చింది. సుందరరావ్, చూసుకోకుండా ఖాళీవి పంచినందుకు నీకు మెమో వస్తది."

నేను ఎప్పుడు లేచానో తెలియదు. గుమ్మంలో ఉన్నాను.

"సార్, ఒక్క మాట."

"మీరెవరు?"

"ఇంటామెను. ఈ పిల్ల మా ఇంట్ల కిరాయికుంటది."

"ఇది డిపార్ట్‌మెంట్ విషయమమ్మా."

"కావచ్చు సార్. నాకు తెల్వకనే అడుగుతున్న. లేదని నలుగురి ముందట అన్నరు. పిల్లను దొంగన్నరు. ఉన్నదని కూడ నలుగురి ముందట అంటరా, లేకపోతే అది మాత్రం లోపలనే మూసి పెడ్తరా?"

ఆయన మొహం ఎర్రబడింది. బయటికి చెయ్యి చూపించబోయాడు. అంతలో బాలలక్ష్మి మేడమ్ కలం తీసింది. "నేను రాస్తున్న సార్. నవనీత డేటా సక్రమంగ ఉన్నది, కమిటీ స్వయంగ చూసింది, ఆరోపణ తప్పు. చదివి వినిపించనా?" వినిపించింది. తను సంతకం చేసింది. మిగిలిన ఇద్దరూ చేశారు. చివరికి ఆయనా చేశాడు, ఏముందో చదవకుండా. అది ఆయనకు అలవాటే.

బయట చెట్ల కింద సుందరరావు మమ్మల్ని కలుసుకున్నాడు. నవనీత ఆయనకు దండం పెట్టింది. "నా వల్ల మీకు మెమో వచ్చె సార్."

"రానీ అమ్మా. కడుపునొప్పి సాక్ష్యం వినీ వినీ మావాళ్లు విసిగిపోయారు. ఈ ఆదివారానికి కొత్తది దొరికింది," అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మంట. తప్పు చెప్పుకున్నవాడికి మెమో. చెప్పుకోనివాడికి కుర్చీ.

ఇంటికొచ్చాక కూడా ఆ మంట చల్లారలేదు. మా ఆయన, "గెలిచొచ్చినవు గదా, ఇంకేంది?" అన్నాడు.

"గెలుపెట్లైతది? ఉన్న ఇంట్ల ఉన్నమని చెప్పుకొని వస్తే గెలిచినట్టా?"

ఆ రాత్రి దేవుడి గదిలో దీపం ముందు కూర్చున్నాను. కోపంతో కూర్చోకూడదంటారు. మరి ఇట్లాంటి కోపాన్ని ఎక్కడ దించి రావాలో ఎవరూ చెప్పరు. అమ్మనే అడిగాను. నువ్వు కనబడకపోయినా ఉన్నావని అందరూ నమ్ముతారు గదా తల్లీ, కళ్లముందు నిలబడి 'ఉన్నది' అంటున్న ఆడపిల్లను ఎందుకు నమ్మరు? దీపం వెలుగుతూనే ఉంది. అమ్మవారు నన్ను కసురుకోలేదు. 

పొద్దున స్నానం చేసి ఉద్వాసన చెప్పాను. చెంబును కాస్త ఉత్తరానికి జరిపాను. కొబ్బరికాయ తీశాను, మామిడాకులు తీశాను. లోపల ఇన్ని నీళ్లు, కింద పళ్లెంలో ఇన్ని బియ్యం. శశిభూషణ్ గారి లెక్కన అందులో ఎన్నడూ ఏమీ లేనట్టే.

నీళ్లు ఇల్లంతా చల్లి మిగిలినవి తులసమ్మకు పోశాను. బియ్యంలో బెల్లం వేసి పరమాన్నం వండి, గిన్నె పట్టుకొని మెట్లెక్కాను. నవనీత అప్పుడే ల్యాబ్‌కు బయలుదేరుతోంది, భుజాన బ్యాగుతో.

"శనివారం గూడనా?"

"పోవాలె ఆంటీ. పని ఆగిపోయింది గదా."

"తెరిచే పెట్టుకోమన్నడు గద మీ సారు. పెడ్తవా?"

గిన్నెలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంటూ తల అడ్డంగా ఊపింది. "పెట్ట. సాయంత్రం మూసే వస్త."